కోత లేకుండా ముఖం బిగుతవుతుందా?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. షుగరుకు డాక్టరు గారు వారానికొక ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఏడాదిలో 13 కిలోలు తగ్గాను, ఇంకా తగ్గుతున్నాను. మోకాళ్ల నొప్పులు పోయాయి గాని ముఖం మాత్రం ఒక్కసారిగా పదేళ్లు మీదపడ్డట్టు అయిపోయింది. బుగ్గలు దవడల మీదికి దిగాయి, గడ్డం కింద చర్మం వేలాడుతోంది. మాఘమాసంలో మా అబ్బాయి పెళ్లి, ఇంకా మూడు నెలలే ఉంది. హైదరాబాదులో ఒక క్లినిక్‌వారు హైఫు అనే యంత్రంతో నెలకొకటి చొప్పున మూడు సిట్టింగులు చేస్తే ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్‌కు సమానమైన ఫలితం కోత లేకుండానే వస్తుందన్నారు. ఈ వారంలో అడ్వాన్సు కడితే రాయితీ ఇస్తామన్నారు. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు రెండేళ్ల కిందట ఆపరేషనే చేయించుకుంది, యంత్రాల మీద డబ్బు తగలేయొద్దంటోంది. మావారు రెండూ వద్దంటున్నారు. బీపీకి మాత్ర, గుండెకు ముందుజాగ్రత్తగా ఎకోస్ప్రిన్ వాడుతున్నాను. మొన్నటి పరీక్షలో మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 7.8 వచ్చింది. నన్నేం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. పెళ్లిలోపు ఆ మూడు సిట్టింగుల ప్యాకేజీ తీసుకోవద్దు. పెళ్లిలోపు ఆపరేషనూ వద్దు. పెళ్లయ్యాక, మీ బరువు ఒకచోట నిలిచి, షుగరు ఇంకొంచెం అదుపులోకి వచ్చాక కూడా మీ కోరిక ఇలాగే ఉంటే, అప్పుడు ఒక ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి. ముఖం చూడకుండా ఉత్తరం చదివి ఇంతకంటే గట్టిగా చెప్పడం ఎవరికీ తగదు గాని, మీరు రాసిన లక్షణాలను బట్టి మీ ఇబ్బంది యంత్రాలకు లొంగేదిగా నాకు కనిపించడం లేదు.

ముఖం జారిపోయిందని మనం ఒక్క మాటలో అంటాం గాని అక్కడ జారేది ఒక్కటి కాదు. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద ముఖ కండరాలను కప్పుతూ మెడలోని కండరం దాకా ఒకటిగా సాగే పలుచని పొర, ఈ పొరలన్నిటినీ అక్కడక్కడ ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్లు, అట్టడుగున ఎముక ఉంటాయి. కండరాలను కప్పే ఆ పొరను సర్జన్లు స్మాస్ అంటారు. దాని ప్రస్తావన మళ్లీ వస్తుంది కాబట్టి గుర్తుంచుకోండి. వయసుతోపాటు ఎముక కొంత అరుగుతుంది, కళ్ల కింద, బుగ్గల పైభాగంలో కొవ్వు తగ్గి గుంటలు పడతాయి, లిగమెంట్లు సడలడం వల్ల బుగ్గలోని కొవ్వు దవడ మీదికి దిగుతుంది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పలచబడుతుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాతి మొదటి అయిదేళ్లలోనే చర్మపు కొల్లాజెన్‌లో దాదాపు 30 శాతం పోతుందని చెబుతారు. మీ విషయంలో దీనికి బరువు తగ్గడం తోడయింది. ఇరవైల్లో ఉన్నవారు 13 కిలోలు తగ్గితే చర్మం చాలావరకు దానంతట అదే ముడుచుకుంటుంది, 57 ఏళ్ల వయసులో అంతగా ముడుచుకోదు. ఇది ఇంజెక్షన్ చేసిన చెరుపు కాదు. ఏ దారిలో అంత బరువు తగ్గినా ముఖం ఇలాగే అవుతుంది కాబట్టి ముఖం కోసం ఆ మందు మానేయాలన్న ఆలోచన పెట్టుకోకండి.

ఇక యంత్రాల సంగతి. హైఫు అంటే అధిక తీవ్రత గల అల్ట్రాసౌండ్ తరంగాలను చర్మం కింద నిర్ణీతమైన లోతులో ఒక బిందువు దగ్గర కేంద్రీకరించే పద్ధతి. సాధారణంగా 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతుల్లో, సుమారు ఒక మిల్లీమీటరు పరిమాణం గల చిన్నచిన్న చోట్ల 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వేడి పుట్టిస్తారు; పైచర్మం మాత్రం కాలదు. ఆ వేడికి అక్కడి కొల్లాజెన్ పోగులు ముడుచుకుంటాయి, ఆ తరువాత శరీరం ఆ చిన్న గాయాలను మాన్పుకునే క్రమంలో కొత్త కొల్లాజెన్ తయారవుతుంది. రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రాలు ఇదే పనిని విద్యుత్ శక్తితో, కొంచెం పైపొరల్లో, విశాలమైన ప్రాంతం మీద చేస్తాయి. థెర్మేజ్ అనే రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రానికి కళ్ల చుట్టూ ముడతల కోసం 2002లోను, అల్థెరా అనే అల్ట్రాసౌండ్ యంత్రానికి కనుబొమలు ఎత్తడం కోసం 2009లోను అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. కాబట్టి వీటిని మోసమని కొట్టిపారేయడం సరికాదు. ఫలితం ఉందా లేదా అనేది కాదు ఇక్కడ ప్రశ్న, ఎంత అనేది. కనుబొమల మీద ఈ అల్ట్రాసౌండ్‌ను పరీక్షించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మూడు నెలల తరువాత వచ్చిన ఎత్తు సగటున 1.7 మిల్లీమీటర్లు. మీ బుగ్గ దవడ మీదికి ఎంత దిగిందో వేలితో కొలుచుకుని చూస్తే ఈ అంకె విలువ తెలుస్తుంది.

క్లినిక్‌వారు మీతో ఇంకో మాట కూడా అనే ఉంటారు: సర్జన్లు పనిచేసే స్మాస్ పొరనే మా యంత్రమూ చేరుతుంది కాబట్టి రెండూ ఒకటేనని. చేరుతుందన్నది నిజమే, 4.5 మిల్లీమీటర్ల లోతు అందుకే పెట్టారు. అయితే ఆ పొరను తాకడం వేరు, దాన్ని తీసుకెళ్లి మరోచోట నిలపడం వేరు. ఈ తేడా సర్జన్లకే డెబ్బై ఏళ్లకు గాని తెలిసి రాలేదు. 1901లో బెర్లిన్‌లో యూజెన్ హోలెండర్ అనే సర్జన్ ఒక మహిళ ముఖంలో చెవుల దగ్గర చర్మపు ముక్కలు కత్తిరించి కుట్టినది మొదలు 1970ల దాకా ఫేస్‌లిఫ్ట్ అంటే ప్రధానంగా చర్మాన్ని లాగి, మిగిలినదాన్ని కోసి, కుట్లు వేయడమే. చర్మానికి సాగే గుణం ఉంది కాబట్టి అలా లాగిన ముఖం కొంతకాలానికే మళ్లీ జారేది, లాగినంతకాలం బిగదీసినట్టు అసహజంగా కనిపించేది. స్వీడన్‌లో టోర్డ్ స్కూగ్ చర్మంతోపాటు దాని కింది పొరనూ కలిపి ఎత్తే పద్ధతిని 1974లో వివరించాడు. 1976లో ఫ్రాన్సుకు చెందిన మిట్జ్, పెయిరోనీలు ఆ పొరను విడిగా వర్ణించి దానికి స్మాస్ అన్న పేరు పెట్టారు. 1990లో అమెరికాలో సామ్ హామ్రా మరింత లోతుకు వెళ్లి, లిగమెంట్లను విడదీసి, చర్మం, కొవ్వు, స్మాస్‌లను కలిపి ఒకే ముద్దగా పైకి జరిపే డీప్ ప్లేన్ పద్ధతిని వివరించాడు. కత్తి పట్టుకుని చర్మాన్ని సెంటీమీటర్ల కొద్దీ కోసి తీసినా నిలవని బిగువు, అదే చర్మాన్ని వేడితో మిల్లీమీటరో రెండో ముడిస్తే ఎలా నిలుస్తుంది? దూది కిందికి దిగిపోయిన దిండుకు గలీబు మాత్రం బిగించినట్టుంటుంది ఆ పని.

అలాగని యంత్రాలు ఎవరికీ పనికిరావనడం లేదు. నలభైల్లో ఉండి, ముఖంలో తగినంత కొవ్వు ఉండి, దవడ గీత కాస్త చెదరడం మాత్రమే మొదలైనవారికి, ఫలితం స్వల్పమని తెలిసే చేయించుకునేవారికి అవి ఉపయోగపడవచ్చు. ఆ తేడా కూడా ఏడాది, ఏడాదిన్నర దాటి నిలుస్తుందనుకోకూడదు. మన చర్మపు రంగుకు సంబంధించి వీటిలో ఒక సౌలభ్యం ఉంది: కొన్ని లేజర్లు చర్మంలోని రంగునే లక్ష్యం చేసుకుంటాయి కాబట్టి చామనచాయ వారికి నల్ల మచ్చలు మిగిల్చే ప్రమాదం ఎక్కువ, అల్ట్రాసౌండుకు, రేడియో ఫ్రీక్వెన్సీకి చర్మపు రంగుతో పనిలేదు. కానీ మీరు బరువు తగ్గి ముఖం చిక్కినవారు. లోతుగా వేడి పెడితే కొల్లాజెన్‌తోపాటు కొవ్వు కూడా కరిగే అవకాశం ఉంటుంది. బుగ్గలు నిండుగా ఉన్నవారికి అది కలిసొస్తుందేమో గాని మీకున్న కాస్త కొవ్వూ పోతే గుంటలు ఇంకా లోతవుతాయి, దాన్ని వెనక్కి తేవడం కష్టం. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇదే.

ఆ ప్యాకేజీలో నాకు నచ్చనిది మరొకటి ఉంది. తగినంత శక్తితో అల్ట్రాసౌండ్ చేస్తే సాధారణంగా ఒక్క సిట్టింగ్ చేసి, మూడు నుంచి ఆరు నెలలు ఆగి ఫలితం చూస్తారు, ఎందుకంటే కొత్త కొల్లాజెన్ తయారు కావడానికి అంత సమయం పడుతుంది. నెలనెలా మూడుసార్లు చేయడమంటే తక్కువ శక్తి గల యంత్రమైనా కావాలి, బేరంలో భాగమైనా కావాలి. పైగా హైఫు అన్నది ఒక కంపెనీ పేరు కాదు. ఆ పేరుతో నానారకాల యంత్రాలు నడుస్తున్నాయి. తరంగం ఏ పొరలో పడుతోందో తెరమీద చూస్తూ చేయగలిగినవి కొన్నే, గుడ్డిగా చేసేవి అనేకం. సరిగ్గా చేసినా దవడ ఎముక మీద నొప్పి, కొన్నాళ్లు తిమ్మిరి, అరుదుగా పెదవి కదిలించే నరం కొన్ని వారాలపాటు బలహీనపడటం ఉంటాయి. హైఫు వద్దంటే వాళ్లు సూదులతో చేసే రేడియో ఫ్రీక్వెన్సీ చూపిస్తారేమో. వాటివల్ల కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు పోవడం, నరాలు దెబ్బతినడం జరిగినట్టు ఫిర్యాదులు అందడంతో ఎఫ్‌డీఏ 2025 అక్టోబరులో హెచ్చరిక జారీ చేసింది. ఇంట్లో సొంతంగా చేసుకోవద్దని, శిక్షణ పొందిన వైద్య నిపుణుల చేతనే చేయించుకోవాలని చెప్పింది. దారాలు వేసి లాగే థ్రెడ్ లిఫ్ట్ గురించి ఒక్క మాట చాలు: ఎక్కువగా వాడే పీడీవో దారాలు దాదాపు ఆరు నెలల్లో కరిగిపోతాయి, ఆ బిగువూ వాటివెంటే తగ్గుతుంది. దారాలు, యంత్రాలు పదేపదే వాడిన ముఖంలో లోపలి పొరలు అతుక్కుపోయి తరువాత ఆపరేషన్ చేయడం కష్టమవుతోందని చాలామంది సర్జన్ల ఫిర్యాదు.

మీ ముఖానికి ఏది అవసరమో కొంతవరకు మీరే చూసుకునే ఉపాయం ఒకటి ఉంది. కూర్చుని చేతి అద్దంలో ముఖం చూసుకోండి, తరువాత వెల్లకిలా పడుకుని అదే అద్దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని చూడండి. పడుకున్నప్పుడు దవడ గీత తేరి, బుగ్గలు పాత చోటికి వెళ్లి, మీకు నచ్చిన ముఖం కనిపిస్తే మీది జారుడు సమస్య. దాన్ని సరిదిద్దగలిగేది ఆపరేషనే. పడుకున్నా పెద్ద తేడా లేక, సన్నని ముడతలు, మంగు, కళ్ల కింద నలుపు, గుంటలు అలాగే కనిపిస్తే మీ సమస్య చర్మానిదో, నిండుదనం తగ్గడానిదో అవుతుంది. అప్పుడు ఆపరేషన్ చేయించుకున్నా మీరు కోరుకున్నది రాదు. ఇది పరీక్షకు బదులు కాదు గాని డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఏమి అడగాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ఆపరేషన్ విషయానికి వస్తే, కోత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు మడతలో దిగి, తమ్మె కిందుగా తిరిగి, చెవి వెనుక నుంచి జుట్టులోకి పోతుంది. పూర్తి మత్తులో గాని, స్థానిక మత్తుకు నిద్రమందు జోడించి గాని మూడు నుంచి అయిదు గంటలు చేస్తారు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచడం మంచిది. కుట్లు వారం, పది రోజుల్లో తీస్తారు, కమిలిన రంగు, పైకి కనిపించే వాపు రెండు మూడు వారాల్లో తగ్గుతాయి, చెవుల చుట్టూ తిమ్మిరి మాత్రం నెలల తరబడి ఉండవచ్చు. ముఖం పూర్తిగా కుదురుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఫలితం చాలామందిలో ఏడు నుంచి పదేళ్లు కనిపిస్తుంది, అంటే వయసు ఆగిపోతుందని కాదు, కొన్నేళ్లు వెనక్కి జరిగిన చోటినుంచి మళ్లీ నడుస్తుంది.

మన ఆడవాళ్లకు సంబంధించిన కొన్ని సంగతులు విదేశీ పుస్తకాల్లో ఉండవు. బుట్టలు, మాటీలు పెట్టి సాగిన చెవి రంధ్రాలను అదే ఆపరేషన్‌లో సరిచేయమని అడగవచ్చు, అయితే బరువైన నగలు కొన్ని నెలలపాటు పెట్టకూడదు. తమ్మె మీద లాగుడు పడేలా కుడితే అది కిందికి సాగి దవడకు అతుక్కున్నట్టు కనిపిస్తుంది కాబట్టి అక్కడి పనితనాన్ని సర్జన్ పాత ఫొటోల్లో ప్రత్యేకించి చూడండి. జుట్టు బిగించి ముడి వేసుకునే అలవాటుంటే చెవి ముందు గీత మొదటి కొన్ని నెలలు కనిపిస్తుంది. తిరుమలలో తలనీలాల మొక్కు ఉంటే ముందే తీర్చుకుని, జుట్టు పెరిగాక ఆపరేషన్‌కు వెళ్లండి. తరువాతైతే చెవుల వెనుక మచ్చలు బయటపడతాయి. చెవి కుట్టించుకున్నచోట ఎప్పుడైనా కీలాయిడ్ గడ్డ, అంటే గాయం మచ్చ ఉబ్బి పెరిగే గడ్డ, లేచి ఉంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

ఆపరేషన్ తీర్చలేనివి కూడా చెప్పాలి. సన్నని ముడతలు, మంగు, కళ్ల కింద నలుపు, పై పెదవి మీది గీతలు దీనివల్ల పోవు. ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే మడత కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పళ్లు ఊడిపోయి కట్టించుకోకుండా వదిలేసినవారికి దవడ ఎముక అరిగి, నోటి చుట్టూ ముఖం కిందికి కుంగుతుంది. దానికి పైన ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. మీకు వెనుక పళ్లు లేకపోతే ముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం ఉత్తమం. ఈ సలహా ఇస్తే చాలామంది నవ్వుతారు గాని, ఖర్చుకు తగిన ఫలితం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

ప్రమాదాల్లో తరచుగా వచ్చేది చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడం. ఎక్కువగా మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే వస్తుంది, బీపీ అదుపులో లేనివారికి, మగవారికి మరింత ఎక్కువ. వస్తే వెంటనే తీసేయాలి. చెవి దగ్గరి స్పర్శ నరం దెబ్బతింటే తమ్మె మొద్దుబారుతుంది. ముఖం కదిలించే నరం శాశ్వతంగా దెబ్బతినడం అనుభవజ్ఞుల చేతుల్లో ఒక శాతం లోపే గాని, సున్నా కాదు. షుగరు ఎక్కువగా ఉంటే గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది, మీ 7.8ని 7 దగ్గరికి తెచ్చుకోమనడం అందుకే. ఎకోస్ప్రిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది, అయినా దాన్ని మీ అంతట మీరు ఆపకూడదు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో గుండె డాక్టరే చెప్పాలి. చేపనూనె, వెల్లుల్లి గుళికలు, విటమిన్ ఇ మాత్రలు వాడుతుంటే అవీ చెప్పండి. మీరు వారానికొకసారి తీసుకునే ఇంజెక్షన్ కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేసే రకం అయితే, ఉపవాసం ఉన్నా కడుపులో ఆహారం మిగిలిపోయి మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, కాబట్టి మత్తు డాక్టరుకు దాని పేరు, చివరిసారి తీసుకున్న తేదీ తప్పక చెప్పాలి. సౌందర్య చికిత్స గదా అని ఈ వివరాలు దాచేవారున్నారు.

డబ్బు విషయంలో రెండు నిజాలు తెలుసుకుని ఉండండి. అందం కోసం చేయించుకునే సర్జరీకి మన దేశంలో ఆరోగ్య బీమా వర్తించదు. వైద్యసేవలకు సాధారణంగా ఉండే జీఎస్టీ మినహాయింపు కూడా దీనికి లేదు, 18 శాతం పన్ను పడుతుంది. చెప్పిన ధరలో పన్ను, మత్తు, ఆసుపత్రి గది, తరువాతి విజిట్లు కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. డాక్టరు విషయంలో బోర్డు మీద కాస్మెటిక్ అన్న మాట చూసి ఆగిపోవద్దు. ఫేస్‌లిఫ్ట్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గాని డీఎన్‌బీ గాని డిగ్రీ ఉన్నవారిని, యంత్రాల చికిత్సకు చర్మవ్యాధులలో ఎండీ గాని డీఎన్‌బీ గాని చేసినవారిని వెతకండి. పేరు, నంబరు రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. ఏడాదిలో ఎన్ని ఫేస్‌లిఫ్ట్‌లు చేస్తారని అడగడానికి మొహమాటపడకండి. ముందు, తరువాత ఫొటోలు చూపిస్తే వెలుతురు, గడ్డం ఎత్తిన కోణం, నవ్వు రెండిటిలోనూ ఒకేలా ఉన్నాయా, తరువాతి ఫొటో చికిత్స జరిగిన ఆరు నెలలకు తీసినదేనా అని గమనించండి. గడ్డం కాస్త పైకెత్తి దీపం ఎదురుగా పెడితే ఏ యంత్రమూ లేకుండానే దవడ గీత తేరుతుంది.

మీ అక్కగారు చెప్పింది జారుడు విషయంలో సబబే, అయితే ఆవిడ షుగరు, ఆవిడ బరువు మీవి కావు. మీవారి అభ్యంతరం దేనికో మీరు రాయలేదు. ప్రాణభయమైతే ఆయన్ను కూడా సర్జన్ దగ్గరికి తీసుకెళ్లి పైన చెప్పిన ప్రమాదాలు ఆయన ఎదుటే అడగండి. ఈ వయసులో ఇదేమిటన్నదే ఆయన మాటైతే, మీ ముఖం మీది నిర్ణయం మీదేనని మర్యాదగానే చెప్పవచ్చు. అయినా మొదటి వారం ఇంట్లో తోడు కావాలి, ఆ తోడు ఆయనే అయితే మీకు సుఖం.

పెళ్లిలోపు చేయగలిగినవి లేకపోలేదు. ఇప్పుడే మీ ఊళ్లోనే ఒక చర్మవైద్యుడిని కలిసి, రాత్రిపూట విటమిన్ ఎ రకానికి చెందిన ట్రెటినాయిన్ క్రీము తక్కువ మోతాదులో మొదలుపెట్టడానికి మీ చర్మం తగునా అని అడగండి; మొదట కొన్ని వారాలు పొట్టు లేచినా మూడు నెలలకు చర్మం నునుపులో తేడా వస్తుంది. దానితో పగటిపూట ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ తప్పనిసరి, ముహూర్తపు పనుల మీద ఎండలో తిరిగేటప్పుడు మరీ. నుదుటి ముడతలు, మెడ మీద తాళ్లలా లేచే గీతలు ఎక్కువగా ఉంటే బొటాక్స్ ఇంజెక్షన్ పెళ్లికి నెల ముందు వేయించుకోవచ్చు, చివరి వారంలో మాత్రం వద్దు. బుగ్గల గుంటలను నింపే ఫిల్లర్ ఇంజెక్షన్ వేస్తామంటే హైలురోనిక్ యాసిడ్ రకమే అడగండి, నచ్చకపోయినా తేడా వచ్చినా దాన్ని కరిగించే మందు ఉంది. అది పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవడం, అరుదుగా చూపు పోవడం జరిగాయి కాబట్టి ఆ కరిగించే మందు గదిలో సిద్ధంగా ఉంచుకునే డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. ముఖం నిండుగా కనిపించాలని ఎక్కువ వేయించుకుంటే ఉబ్బినట్టు అవుతుంది, చాలినంతలో ఆపమనండి. పెళ్లయ్యాక వరుసగా ఆరు నెలలు బరువు రెండు కిలోలకు మించి మారకుండా ఉందని తేలాకే సర్జన్ దగ్గర తేదీ తీసుకోండి. ఇంకా తగ్గుతూ ఉండగా ముఖం సరిచేయించుకుంటే తరువాత తగ్గే కిలోలకు మళ్లీ వదులవుతుంది. ఇక ఆ రాయితీ గడువు ఈ వారంతో అయిపోతుందన్నారు గదా, అయిపోనివ్వండి. ఒకవేళ ఇప్పటికే కొంత కట్టి ఉంటే, సిట్టింగ్ మొదలుకాక ముందే రాతపూర్వకంగా వెనక్కి అడిగి, రసీదు నకలు దగ్గర ఉంచుకోండి.